సవరణ: బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో సోన్ కట్టింది ఎంత?

లండన్‌లోని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ భవనం జాన్ సోన్ డిజైన్ అని పాత పోస్టులో ఉంది. అది సగం మాటే. సోన్ 1788 నుంచి 1833 వరకు ఆ బ్యాంకు ఆర్కిటెక్ట్. దొంగలు, అల్లరి మూకల భయంతో బయటి గోడకు కిటికీలే పెట్టలేదు. వెలుతురంతా పైకప్పు అద్దాల్లోంచే హాళ్లలోకి దిగేది. ఆ గోడ చాలావరకు ఇప్పటికీ ఉంది. లోపలి హాళ్లు మాత్రం 1925-1939 మధ్య దాదాపు అన్నీ పడగొట్టి, హెర్బర్ట్ బేకర్ కొత్తగా కట్టారు. న్యూఢిల్లీ సచివాలయం గీసిందీ ఈయనే. బ్యాంకుకు స్థలం చాలలేదన్నది నిజమే కానీ, ఆ హాళ్లు పోవడం మాత్రం ఘోరం. ఆ బ్యాంకు మ్యూజియంలో కనిపించే సోన్ హాలు కూడా 1980లలో తిరిగి కట్టినదే.