నంది కొండ కన్నా పొట్టి హిమాలయం

హిమాలయాల్లో ట్రెక్కింగ్ చేయాలన్న కోరిక మొదట పుట్టింది మా బావమరిదికే అయినా, ఏ ట్రెక్కుకు వెళ్లాలో తేల్చే బాధ్యత మాత్రం, కరెంటు బిల్లూ గ్యాసు బండా లాంటి మిగతా బాధ్యతల్లాగే చివరికి నా నెత్తిన పడింది. బెంగళూరు మారతహళ్లిలో పదకొండేళ్లుగా కుర్చీలో కూర్చుని సంపాదిస్తున్న నాకు కొండలతో ఉన్న పరిచయమల్లా నంది కొండే. అక్కడికీ కారులో వెళ్లి, సూర్యోదయానికి బదులు పొగమంచు చూసి, ఇడ్లీ తిని దిగి రావడమే తప్ప, కాలితో ఎక్కిన పాపాన పోలేదు.

అయినా అప్పగించిన పనిని అడ్డదిడ్డంగా చేయడం నా స్వభావం కాదు. రెండు రాత్రులు మేలుకుని, దొరికిన వివరాలన్నీ చదివి, మా అమ్మాయి పాత నోటుబుక్కులో ఎత్తుల పట్టిక రాసుకున్నాను: రూప్‌కుండ్ 16,000, కేదార్‌కంఠ 12,500, హంప్తా పాస్ 4,270, సందక్‌ఫూ 3,636. పోలికకు పనికొస్తుందని చివర నంది కొండ 4,851 అని చేర్చి, స్కేలు పెట్టి గీతలు కూడా కొట్టాను.

ఆదివారం పెసరట్ల దగ్గర సభ కూడింది. రూప్‌కుండ్ సరస్సు దగ్గర మనుషుల అస్థిపంజరాలు ఉంటాయన్న మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే మా అత్తగారు దాన్ని కొట్టేశారు. కేదార్‌కంఠకు మంచు కోసం చలికాలంలో వెళ్లాలి, మాకు సెలవులు దొరికేది జూన్ చివర్లో. సందక్‌ఫూ నుంచి ఎవరెస్టూ కాంచన్‌జంగా రెండూ కనిపిస్తాయని చెప్పినా, 3,636 అని ఆఫీసులో చెప్పుకోవడం నామోషీ అని బావమరిది పెదవి విరిచాడు. ఇక మిగిలింది హంప్తా. ఒకవైపు పచ్చని కులు లోయ, కనుమ దాటగానే గడ్డిపోచైనా కనిపించని లాహౌల్ వైపు గోధుమరంగు కొండలు, చివర్లో చంద్రతాల్ సరస్సు. ఇంత వైభవం ఉండి కూడా నంది కొండ కన్నా 581 అడుగులు తక్కువని నేను ప్రకటించగానే, సభ హర్షధ్వానాలతో ఆమోదించింది. "తిరుమలలో 3,550 మెట్లు ఎక్కినదాన్ని, ఈ 4,270 నాకో లెక్కా?" అని మా అత్తగారు కూడా పేరు ఇచ్చేశారు. అంత చిన్న కొండకు అయిదు రోజులూ, డాక్టరు సర్టిఫికెట్టూ ఎందుకన్న అనుమానం నాకు రాకపోలేదు గానీ, అదంతా నిర్వాహకుల డబ్బాశ అని సరిపెట్టుకుని, అయిదుగురికీ అడ్వాన్సు కట్టేశాను.

మా మామగారు తెనాలిలో లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. పొద్దుటినుంచీ పేపరు చాటున మౌనంగా ఉన్న ఆయన, సాయంత్రం నా ఫోనులోని హంప్తా ఫొటోను చాలాసేపు చూసి, "అల్లుడు గారూ, జూన్‌లో నంది కొండ మీద మంచు ఉంటుందా?" అని అడిగారు.

"ఉండదండీ."

"మరి దానికన్నా పొట్టిదాని మీద ఎలా ఉందంటారు?"

ఉత్తరాది కదండీ, చలి ఎక్కువ అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా నోటుబుక్కు అందుకుని, కళ్లజోడు సవరించుకుని, చొక్కా జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆ పెన్ను ఆ జేబులోనే ఉంటుంది. "4,270 ఏమిటి? కొబ్బరికాయలా?" అన్నారు.

చూస్తే అవి మీటర్లు! రూప్‌కుండూ కేదార్‌కంఠా నంది కొండా అడుగుల్లో, హంప్తా సందక్‌ఫూ మీటర్లలో ఎక్కించాను. అంటే మేం ఎక్కబోయేది 14 వేల అడుగులు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదాంట్లో సుమారు 60 శాతం. మామగారు అంతటితో ఆగితే బాగుండేది. బెంగళూరు ఎత్తు 920 మీటర్లు తీసేసి, అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున లెక్కగట్టి, మా పన్నెండంతస్తుల బిల్డింగును దాదాపు 93 సార్లు ఒకదానిమీద ఒకటి పేర్చాలని తేల్చి, నా పట్టిక కింద ఎర్రగా సున్నా చుట్టారు. ఆ సున్నాను మా అమ్మాయి ఫ్రిజ్‌కు అంటించింది.

అడ్వాన్సు తిరిగి ఇవ్వరట. కావలిస్తే పేర్లు మార్చుకోవచ్చట. మార్చుకోవడానికి మా అపార్టుమెంటులో ఇంత తెలివితక్కువవాడు ఇంకొకడు దొరకలేదు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగకూడదనీ, ముందుగా మనాలీలో ఒక రోజు ఆగమనీ, ఈలోగా మెట్లెక్కడం అలవాటు చేసుకోమనీ డాక్టరు చెప్పడంతో, వీపు సంచిలో పది కిలోల సోనామసూరి పోసుకుని రోజూ మెట్లెక్కడం మొదలుపెట్టాను. మూడో రోజు ఏడో అంతస్తులో సంచి కుట్టు విడిపోయింది. బియ్యం జలపాతంలా ఆరు, అయిదు, నాలుగు అంతస్తులు దిగిపోతుంటే, గోడ పట్టుకుని రొప్పుతున్న నన్ను కింద నుంచి పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్ చూసి, "లిఫ్ట్ కెట్టోగిదెయా సార్?" అని జాలిగా అడిగాడు.

లిఫ్టు బాగానే ఉందని చెప్పడానికి కూడా నాకు ఊపిరి చాలలేదు.