తాడుతో పడవ లాగిన నేలలో ఇంధనం లెక్కపెట్టే కారు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి కాలువలు పొలాలకు నీళ్ళతో పాటు సరుకులకు దారి కూడా ఇచ్చాయి. ధాన్యం బస్తాలు నింపిన పడవను గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగుకుపోయేవారు. అంత బరువును మట్టిదారిలో కదిలించాలంటే ఎన్నో ఎడ్లబళ్ళు కట్టాలి. బలం పెంచడం కన్నా నిరోధం తగ్గించడమే మేలని డెల్టాకు ఇంజన్లు రాకముందే తెలుసు. అతి తక్కువ ఇంధనంతో నడిచే కార్లు తయారుచేసే విద్యార్థుల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ తాడే గుర్తుకొస్తుంది.

ఆ పోటీల్లో పేరున్నది చమురు సంస్థ షెల్ నడిపే ‘షెల్ ఎకో మారథాన్’. 1939లో అమెరికాలోని ఒక షెల్ పరిశోధనశాలలో, ఎవరి కారు తక్కువ పెట్రోలు తాగుతుందో చూద్దామని ఉద్యోగులు వేసుకున్న పందెం దాని మూలం. 1985లో ఫ్రాన్సులో అది విద్యార్థుల పోటీగా రూపుకట్టింది. మన దేశంలో 2018లో చెన్నైలో, 2019లో బెంగళూరులో జరిగింది. ఈ పోటీలో వేగానికి బహుమతి లేదు. గంటకు సుమారు 25 కిలోమీటర్ల సగటుతో చుట్లు పూర్తిచేయాలి. ఆ తరువాత ఖర్చయిన ఇంధనాన్ని కొలుస్తారు.

ఇవన్నీ విశ్వవిద్యాలయాల వారికే సాధ్యమనుకుంటే పొరపాటు. ఫ్రాన్సులో లువార్ నది ఒడ్డున, నాంత్ నగరం పక్కనే ఉన్న లా జోలివరీ పాఠశాల విద్యార్థుల ‘మైక్రోజూల్’ కారు లీటరుకు 3,000 కిలోమీటర్లు దాటింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మేటర్ డే హైస్కూలు జట్టు ఇంజనీరింగ్ కళాశాలలను ఓడించి పలుమార్లు గెలిచింది.

వాళ్ళ దగ్గర మంత్రమేమీ లేదు. కారును నీటిబొట్టు ఆకారంలో మలిచి గాలిని తప్పిస్తారు. సన్నని టైర్లలో గాలి గట్టిగా కొడతారు. అన్నింటికన్నా నాకు నచ్చే ఉపాయం ఇంకొకటి. ఇంజనును కొన్ని క్షణాలు నడిపి వేగం అందుకోగానే ఆపేస్తారు, కారు తన ఊపుతోనే చాలా దూరం సాగిపోతుంది, వేగం తగ్గాక మళ్ళీ ఇంజను. మామూలు పెట్రోలు ఇంజను ఇంధనంలోని శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా పోగొడుతుంది, తన బలంలో కొద్దిపాటే వాడుతూ నడిస్తే ఇంకా నష్టం. అందుకే నడిచిన కొద్ది సేపూ దానిచేత నిండుగా పనిచేయిస్తారు.

బ్యాటరీ బండ్లు వస్తుంటే పెట్రోలు లెక్క ఎందుకని అడిగేవారున్నారు. ఆ పోటీలో బ్యాటరీ విభాగమూ ఉంది. పైగా గాలికీ, టైరు రాపిడికీ బండిలో ఉన్నది పెట్రోలో కరెంటో తెలియదు.

ఇలాంటి కారు కట్టే చేతులు డెల్టాలో లేవా? తీరం వెంట ఫైబర్ పడవల పని తెలిసినవారున్నారు. తాళ్ళరేవులో ఓడలు కట్టిన పరంపర ఉంది. ట్రాక్టర్లకూ, వరికోత యంత్రాలకూ, చేపల చెరువుల ఏరియేటర్లకూ మరమ్మతు చేసే వెల్డింగ్ షాపులూ లేతు మిషన్లూ భీమవరం నుంచి అమలాపురం దాకా కనిపిస్తాయి. ఇక కొండలూ గుట్టలూ లేని చదును నేల ఉండనే ఉంది. 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ప్రయోగశాలకు ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది.

లేనిది పిల్లల సమయం. పోటీకి కనీస వయసు 16 ఏళ్ళు, అంటే మనకు ఇంటర్మీడియట్. సరిగ్గా ఆ ఏడే డెల్టా తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి పిల్లల్ని విజయవాడ, విశాఖపట్నం హాస్టళ్ళకు పంపుతారు. పొద్దున్నుంచి రాత్రిదాకా గతి సమీకరణాలు బట్టీ పట్టిస్తారు గానీ, కదిలే వస్తువును ఒక్కదాన్నీ కొలవనివ్వరు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిక చేయడం లేదు, ర్యాంకు మీద ఆ ఇంటి ఆశలన్నీ ఉంటాయి. కానీ తొమ్మిదో తరగతిలోనే ఈ పని మొదలుపెడితే ఇంటర్ నాటికి బండి సిద్ధమవుతుంది, ఆ సమీకరణమూ మరుపురాదు. పది తరువాత ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో చేరే పిల్లలకైతే ఈ పోటీ వయసు అచ్చంగా సరిపోతుంది. వాళ్ళను మొదటి వరుసలో నిలబెట్టాలి.

ఆరంభానికి కారు కూడా అక్కర్లేదు. కాలువ గట్టు రోడ్లు ప్రమాదం, వాటి జోలికి పోవద్దు. ధాన్యం రాని రోజుల్లో మార్కెట్ యార్డు సిమెంటు నేల చాలు. సెకనుకు 5 మీటర్ల వేగం అందుకుని, తొక్కడం ఆపి, సైకిలును ఊరికే పోనివ్వాలి. 250 మీటర్లు పోయి ఆగిందనుకోండి, దాన్ని ఆపిన నిరోధం మనిషితో కలిపి మొత్తం బరువులో దాదాపు 200వ వంతు అని తొమ్మిదో తరగతి లెక్కతోనే తేలుతుంది. చక్రాల ఇరుసులకు నూనె వేసి, టైర్లలో గాలి నింపి మళ్ళీ వదలాలి. మొదటిసారి, రెండోసారి ఎక్కడెక్కడ ఆగిందో సుద్దముక్కతో గీతలు గీసి, రెండు గీతల మధ్య దూరాన్ని పిల్లల చేతే టేపుతో కొలిపించాలి.