కోళ్ల షెడ్డుకూ భద్రతేనా?

ఇల్లు అంటుకుంటే నీళ్లు కావాలి కదా, అందుకే కొలను కట్టాం. 2015లో దక్షిణాఫ్రికా పోలీసు మంత్రి విలేకరులకు ఇచ్చిన వివరణ ఇది. ఫైర్ సిబ్బంది ఆ కొలను నీళ్లు తోడి చిమ్ముతున్న వీడియో కూడా వేసి చూపించారు. ఆ సమావేశంలో ఆయన చెమటలు తుడుచుకుంటూనే ఉన్నారు. అధ్యక్షుడు జాకబ్ జుమా సొంతూరి ఇంటికి ‘భద్రత’ పేరుతో పోసిన ప్రజాధనం 24 కోట్ల ర్యాండ్లు దాటుతుందని లెక్క తేలింది. అందులో ఈత కొలను, పశువుల దొడ్డి, కోళ్ల షెడ్డు. కోళ్లకు ఎవరి నుంచి ముప్పో మరి!

ఆ సొంతూరు న్కాండ్లా బాగోతం, జుమాకు దగ్గరైన సహారన్‌పూర్ వ్యాపారులు గుప్తాల దందా చాలామందికి తెలిసిందే. తప్పు చేస్తే ఓటరే బుద్ధి చెబుతాడనే మాట దగ్గరే నాకు పేచీ. ప్రభుత్వం చేసే తప్పులపై ఫిర్యాదులు విచారించే అధికారి, అంటే పబ్లిక్ ప్రొటెక్టర్, థులీ మడొన్సెలా ఈ ఇంటి ఖర్చుపై ఇచ్చిన నివేదిక 2014 మార్చిలో వచ్చింది. మేలో ఎన్నికలు. జుమా పార్టీకి 62 శాతం ఓట్లు!

మరి డబ్బు ఎవరు కక్కించారు? 2016 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం. పబ్లిక్ ప్రొటెక్టర్ చెప్పింది సలహా కాదు, కోర్టు కొట్టేస్తే తప్ప పాటించి తీరాల్సిందే అని ఏకగ్రీవంగా తేల్చింది. జుమా 78 లక్షల ర్యాండ్లు కట్టారు. (అదీ ఒక చిన్న బ్యాంకులో అప్పు చేసి. రెండేళ్లకు ఆ బ్యాంకునూ లోపలివాళ్లే దోచేసి ముంచారు.) తమాషా ఏమిటంటే మడొన్సెలానూ, అప్పటి ప్రధాన న్యాయమూర్తినీ నియమించింది జుమాయే. పబ్లిక్ ప్రొటెక్టర్‌కు ఏడేళ్ల పదవి, పొడిగింపు లేదు, తీసేయాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఇంకెవరి మొహం చూడాలి?

ఆ కుర్చీలో అందరూ మడొన్సెలాలే ఉండరు, నిజమే. ఆమె తర్వాత వచ్చినావిడను 2023లో పార్లమెంటే అభిశంసించి తీసేసింది. జుమా 2021లో జైలుకెళ్లారు కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆ 15 నెలల శిక్ష అవినీతికి కాదు, విచారణ కమిషన్ ముందుకు రమ్మన్న కోర్టు ఆదేశాన్ని ధిక్కరించినందుకు. రెండు నెలలకే అనారోగ్యం పేరుతో పెరోల్ మీద బయటికొచ్చేశారు. 2024లో ఆయన కొత్త పార్టీకి 14 శాతం పైగా ఓట్లు పడ్డాయి. ఓటరు బుద్ధి చెప్పడమంటే ఇదేనా?

ఇక మన సంగతి. లోక్‌పాల్ చట్టం 2013లో పాసైంది, మొదటి లోక్‌పాల్ కుర్చీలో కూర్చుంది 2019 మార్చిలో. చాలా రాష్ట్రాల్లో లోకాయుక్త ఉన్నా సిఫార్సు చేసి ఊరుకోవాల్సిందే. ఆ ఫైలు వెళ్లేది ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ ప్రభుత్వం టేబుల్ మీదికే.