అరటిపండుకు పదకొండు చేతులు

విశాఖ బీచ్ రోడ్డులో నాతో పాటు వాకింగ్ చేసే ఒకాయనకు ఈ మధ్య పెద్ద బెంగ పట్టుకుంది. ప్రభుత్వం ముసలివాళ్ళకు నెలకు 4,000 పింఛను ఇంటికే తెచ్చిస్తోంది, అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే భోజనం పెడుతోంది. "ఇక మనం దానం చేద్దామంటే పేదవాళ్ళెక్కడ మిగిలారండీ?" అని కాళీమాత గుడి ముందు నిలబడి నిట్టూర్చాడు. పక్కనే ఒక ముసలమ్మ గిన్నె చాపింది. ఆయన సముద్రం వైపు తిరిగాడు.

దీనికి సిద్ధాంతం కూడా ఉంది. సర్కారు రూపాయి పెడితే దాత తన రూపాయి వెనక్కి తీసుకుంటాడని కొందరు ఆర్థికవేత్తలు లెక్కలు కట్టారు. అంత కచ్చితంగా తీసుకోడని, ఇవ్వడంలో ఇచ్చేవాడికే ఒక వెచ్చదనం ఉందని 1990లో జేమ్స్ ఆండ్రియోని అనే మరో ఆర్థికవేత్త అన్నాడు. ఉంది, మా ఊళ్ళో అది కెమెరా ఫ్లాషుది.

పోయిన నెల ఈయన పుట్టినరోజుకు ఒక ఆసుపత్రి వార్డులో పండ్ల పంపిణీ. నన్నూ లాక్కెళ్ళారు. ముందు ఫ్లెక్సీ వచ్చింది, గంట తర్వాత పండ్లొచ్చాయి. మంచం మీద ఓ పెద్దాయన, ఆయన చేతిలో ఒక అరటిపండు, దాన్ని పట్టుకుని పదకొండు చేతులు. పన్నెండో ఆయనకు పండు అందక, పదకొండో ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఫొటోగ్రాఫరు "సార్, పండు కనబడట్లేదు" అన్నాడు. పండు లేచింది. దాంతో పాటు పెద్దాయన చెయ్యీ, సెలైన్ గొట్టమూ లేచాయి. "బాబూ, ఈయనకి సుగరండి" అంది ఆయన భార్య. "పర్లేదమ్మా, ఫొటోకే!" పండు అక్కడి నుంచి పక్క మంచానికి వెళ్ళింది.

ఈ సేవ చేయించిన సంఘానికి మా వాకింగ్ ఆయన 10,000 చెక్కు రాసి, విరాళానికి పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ రసీదు కోసం సాయంత్రానికే మూడుసార్లు ఫోన్ చేశాడు. మినహాయింపు ఇచ్చినదాంట్లో సగానికే అయినా, పాత పన్ను పద్ధతిలో 30 శాతం శ్లాబు కాబట్టి సుమారు 1,500 మిగులుతుంది. అది ఖజానా సొమ్మే. కానీ ఉచితం కాదట, ప్రోత్సాహకమట! ముసలమ్మ పింఛను మాత్రం జనాన్ని సోమరుల్ని చేస్తోందట.

ఏం పని చెయ్యమంటావయ్యా ఆవిణ్ణి, ఈ వయసులో? ఫిషింగ్ హార్బర్ నుంచి నీ గుమ్మం దాకా చేపల బుట్ట మోసుకొచ్చిన రోజుల్లో పది రూపాయల దగ్గర అరగంట బేరమాడావు. 2014కు ముందు పింఛను 200 ఉండేది కదా, మరి అప్పుడు నీ దానధర్మాలేమయ్యాయి? సర్కారు అడ్డొచ్చిందా?

వార్డులోంచి బయటికొస్తుంటే పెద్దాయన భార్య వెనకే వచ్చింది. అనకాపల్లి వెళ్ళి రావడానికి ఆటో ఛార్జీలు అడిగింది.

"దానికేదో స్కీమ్ ఉంటుందమ్మా, సచివాలయంలో కనుక్కో" అన్నాడు.