ప్రకటన అనే ఏడో పేపరు

సి.ఏ. (చార్టర్డ్ అకౌంటెన్సీ) చదువులో ఫౌండేషన్, ఇంటర్ మెట్లు దాటాక వచ్చే ఆఖరి మెట్టు ఫైనల్‌లో పేపర్లు ఎనిమిది నుంచి ఆరుకు తగ్గాయన్న వార్త విని 2023లో విద్యార్థిలోకం హర్షించింది. తగ్గినవి పరీక్ష గదిలో రాసే పేపర్లు మాత్రమేనని ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు. ఆ తగ్గింపును తెలియజేసిన ప్రకటనను చదివి అర్థం చేసుకోవడమనే ఏడో పేపరు యథాతథంగా ఉంది. దీనికి సిలబస్ లేదు, మోడల్ పేపరు లేదు, 60 మార్కులు తెచ్చుకొని, మళ్లీ రాయనక్కరలేని ఎగ్జెంప్షన్ సంపాదించే వీలూ లేదు. పైగా ఫౌండేషన్‌కు నిన్న పేరు నమోదు చేసుకున్న పిల్లవాడు కూడా రాయక తప్పని ఫైనల్ పేపరు ఇదొక్కటే.

వృత్తి సంస్థలను తప్పుపట్టే దురుద్దేశం ఈ వ్యాసకర్తకు లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 నాటి చట్టం వల్ల, కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ 1959 నాటి చట్టం వల్ల, కంపెనీ సెక్రటరీల సంస్థ 1980 నాటి చట్టం వల్ల ఏర్పడ్డాయి. చట్టం కడుపున పుట్టిన బిడ్డకు చట్టం భాష ఉగ్గుపాలతోనే వస్తుంది. తక్కిన రెండు సంస్థలు 2022లో కొత్త సిలబస్ తెచ్చాయి, సి.ఏ. కొత్త పథకం 2023 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. కాబట్టి కడపలో ఎం.ఇ.సి. పూర్తిచేసిన పిల్లవాడు ఆ రోజుల్లో ఏ గుమ్మం తొక్కినా సంస్కరణే ఎదురొచ్చి స్వాగతం పలికింది.

ఇటువంటి ప్రకటనల నిర్మాణాన్ని శ్రద్ధగా పరిశీలించినవారికి అందులోని శిల్పం బోధపడుతుంది. మొదటి పేరా ఏ నిబంధన కింద ఏ అధికారంతో ఈ మార్పు జరిగిందో చెబుతుంది. రెండో పేరా ప్రపంచ స్థాయి నిపుణులను తయారుచేయాలన్న దూరదృష్టిని వివరిస్తుంది. పిల్లవాడు ప్రాణాలు ఉగ్గబట్టుకొని వెతుకుతున్న తేదీ మాత్రం చివరి పేజీలో, పట్టిక అడుగున, నక్షత్రం గుర్తు పక్కన అజ్ఞాతవాసం చేస్తూ ఉంటుంది. వాక్యాలలో కర్త కనబడడు. నిర్ణయించడమైనది, సవరించడమైనది, తెలియజేయడమైనది అని పనులన్నీ వాటంతటవే జరిగిపోతాయి. చెప్పామన్నందుకు రుజువు మిగలాలన్నదే ఈ రచనల పరమార్థం గనుక, అర్థం కావడం అన్నది అదనపు సౌకర్యమే అవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కడప ఏడు రోడ్ల దగ్గర ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఇద్దరు పిల్లలు ఆర్టికల్స్‌కు, అంటే సి.ఏ. చదువులో తప్పనిసరి అయిన ఆఫీసు శిక్షణకు, చేరారనుకుందాం. ఒకడు 2023 జూన్ 30న చేరాడు, రెండోవాడు మర్నాడు జూలై 1న చేరాడు. ఇద్దరికీ అదే బల్ల, అదే ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేర్, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల నుంచి వచ్చిన అవే బిల్లుల కట్టలు. అయినా ఒక్క రాత్రి తేడాతో మొదటివాడికి శిక్షణ మూడు సంవత్సరాలు, రెండోవాడికి రెండు సంవత్సరాలు. మొదటివాడి ఇంట్లో ఆ రోజు ఎవరు ముహూర్తం పెట్టారోగాని, ఆ పురోహితుడిని తర్వాత ఎవరూ పిలిచి ఉండరు. అసలు విశేషం ఇంకా ముందుంది. మూడేండ్లవాడు శిక్షణ చివరి ఆరు నెలలలోనే ఫైనల్ రాయవచ్చు. రెండేండ్లవాడు శిక్షణ ముగిశాక ఆరు నెలలు చదువుకొని ఆ తరువాతనే రాయాలి. అంటే ఇద్దరూ ఫైనల్‌కు అర్హులయ్యేది 30 నెలల తరువాతే. ఒక సంవత్సరం మిగిలిందని కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద నిలువెత్తు అక్షరాలలో ఉంటుంది. కొత్త పథకంలో సెలవులు ఏడాదికి 12 రోజులేనన్న సంగతికి మాత్రం ఆ ఫ్లెక్సీలో జాగా చాలదు.

ఆ ఆరు నెలలు ఆఫీసు పని లేకుండా చదువుకోవడం పిల్లలకు నిజంగా మేలు చేసే మార్పే. అంత మంచి సంగతిని అర్థమయ్యేలా చెప్పడానికి సంస్థలకు ఎందుకంత మొహమాటమో తెలియదు.

భాష విషయంలో వారి ఔదార్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. సి.ఏ. పరీక్షను ఇంగ్లీషులోగాని హిందీలోగాని రాయవచ్చు. కడప పిల్లవాడికి ఇందులో గొప్ప స్వేచ్ఛ ఉంది, ఎందుకంటే ఏ భాషలో అర్థం కాకూడదో తానే ఎంచుకోవచ్చు. 1820లో ఉద్యోగానికి కడపకు వచ్చిన బ్రౌన్ దొరకు ఈపాటి ముందుచూపు లేకపోయింది. జనంతో పని పడింది గదా అని ఆయన జనం మాట నేర్చుకున్నాడు, వేమన పద్యాలు పోగుచేశాడు, చివరికి నిఘంటువు రాసేదాకా పోయాడు. ఇంగ్లీషులో ఒక నోటీసు గోడకు అంటించి ఊరుకొని ఉంటే ఇంత శ్రమ తప్పేది.

ప్రకటన అర్థం కాకపోతే పిల్లలు ఏం చేస్తారని పెద్దలు దిగులు పడనక్కర లేదు. దానికి భాష్యకారులున్నారు. మొదట యూట్యూబ్‌లో నుదుట చెయ్యి పెట్టుకున్న సారు బొమ్మ, దానిమీద ఎర్ర అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. సారు కారులోనే కూర్చొని, సీటు బెల్టు కూడా విప్పకుండా, ఇరవై నిమిషాలు బాధపడతారు. తరువాత కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ వస్తుంది. దానికీ దీనికీ పొంతన కుదరకపోతే, పాత పథకంలో మూడు అటెంప్టులు, కొత్త పథకంలో రెండు అటెంప్టులు అయిన అన్న ఒకడు టీ అంగడి దగ్గర తుది తీర్పు ఇస్తాడు. ఆ తీర్పుపై అప్పీలు లేదు.

2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగ్ జరిగింది. ఆ సంగతి ఆటోలకు కట్టిన మైకుల ద్వారా సందు సందుకూ, చదువు రాని అవ్వకు కూడా తెలిసింది. ఎన్నికల కారణంగానే సి.ఏ. పరీక్షల తేదీలూ మారాయి. ఆ కబురు మాత్రం పీడీఎఫ్ రూపంలో నడిచొచ్చింది. ఆటోకు ఒక పూట అద్దె ఎంతో వృత్తి సంస్థల ఖర్చుల పద్దులో ఒకసారి రాసి చూసుకుంటే బాగుండును.

కాబట్టి ఈ వ్యాసకర్త వినయపూర్వకంగా చేసే ప్రతిపాదన ఏమిటంటే, ప్రకటనా పఠనాన్ని ఏడో పేపరుగా అధికారికంగా గుర్తించాలి. ఫౌండేషన్ ఆబ్జెక్టివ్ పేపర్లలోలాగా తప్పు జవాబుకు పావు మార్కు కోసుకోవచ్చు. ఫైనల్ ఆరో పేపరులాగా పుస్తకం దగ్గర పెట్టుకొని రాయనివ్వవచ్చు కూడా, చూసి రాసినంత మాత్రాన ఫలితంలో తేడా ఏమీ రాదు. ప్రశ్నపత్రం తయారుచేసేవారు కూడా ఒకసారి ఈ పరీక్ష రాయాలన్న కోరిక మటుకు అత్యాశ అవుతుందని వదిలేస్తున్నాను.

ఇక ఈ పేపరు అసలు పరీక్ష జరిగేది ఇంట్లో. రాత్రి అన్నం పెడుతూ తల్లి అడుగుతుంది: "ఇంకా ఎన్నేండ్లు పడతాదిరా నాయనా?" పిల్లవాడు సంగటి ముద్ద కలుపుతూ, "కొత్త స్కీము వచ్చింది మా, చూడాల" అంటాడు. నిజానికి ఫౌండేషన్‌కు 4 నెలలు, సి.ఏ. ఇంటర్‌కు 8, ఆర్టికల్స్‌కు 24, ఫైనల్ చదువుకు 6 అని నిబంధనలన్నీ కూడితే, ఎక్కడా తప్పకపోతే, 42 నెలలు. ఆ తల్లికి ఈ ఒక్క ముక్క చాలు. అయితే వృత్తి సంస్థ గౌరవానికి భంగం కలగకుండా ఈ ముక్కను ఎలా చెప్పాలన్నది చిక్కు ప్రశ్న. ఆలోచించి, చించి, ఒక ముసాయిదా తయారుచేశాను, అవసరమైనవారు వాడుకోవచ్చు:

"తమ కుమారుని విద్యాకాలమును గురించి అందిన విచారణ పరిశీలించడమైనది. ఎప్పటికప్పుడు సవరింపబడు నిబంధనలకు లోబడియు, పరివర్తన ఏర్పాట్లు వర్తించని పక్షమునను, ప్రస్తుత పథకము కొనసాగినంత వరకును సదరు కాలము 42 నెలలకు తక్కువ కాదు. తమ కుమారుడు ఏ పథకము కిందికి వచ్చునో అనుబంధములో చూచుకొనవలెను. అనుబంధము త్వరలో వెలువడును."