ఎర్ర డబ్బా గారికి

మహారాజశ్రీ బోటడుగు రంగు డబ్బా గారి దివ్యసముఖమునకు, ఉభయకుశలోపరి.

తమరు రానివ్వకూడని, బోటడుగుకి అంటుకుని పెరిగే గుల్లలన్నీ ఇక్కడ పిల్లాపాపలతో క్షేమం. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో కాకినాడ ఒడ్డున తమరిని రెండు పూతలు పూయించుకుని దిగిన బోటు, దసరా వెళ్లీ వెళ్లకముందే మళ్లీ ఒడ్డెక్కింది. అడుగు తడిమితే చెయ్యి కోసుకుపోతోంది. తమరి ఒంటి మీద ‘పన్నెండు నెలల రక్షణ’ అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. ధన్యులు.

తప్పు తమరిదే అనడానికి నోరు రావట్లేదండి. ఖాళీ అయిందని పారేసిన డబ్బాని ఎత్తి చూస్తే ఇంకా బరువుంది. పుల్లతో గీకితే అడుగున రెండు వేళ్ల మందాన ఎర్రటి ముద్ద. అసలు సరుకంతా అదే కదా! గుల్లని దగ్గరికి రానివ్వనిది క్యుప్రస్ ఆక్సైడ్ అనే ఆ రాగి పొడే. నీళ్లకి ఆరు రెట్ల బరువు. కొట్లో నెలల తరబడి కదలకుండా కూర్చుంటే అడుక్కి దిగి గడ్డకడుతుంది. పైన మిగిలేది జిగురూ, సాల్వెంటూ, కాస్త ఎరుపూ. మూత తీసి కర్రతో నాలుగు తిప్పులు తిప్పి, ఎర్రగానే ఉంది కదా అని మొదలెట్టేశారు. బోటుకి రంగు పడింది, మందు తమరి దగ్గరే ఉండిపోయింది. బోటడుగున ఇన్ని గుల్లలు పట్టాయే, తమరి అడుగున ఒక్కటి పడుతుందేమో పట్టమనండి చూద్దాం!

‘బాగా కలిపి వాడవలెను’ అని చీమతలకాయంత అక్షరాల్లో రాసుకున్నారు. బాగా అంటే ఎంతండి? పైన తేరింది సగం వేరే బకెట్లోకి వంపాలి. అడుగు ముద్దని బల్లపరుపు కర్రతో మూలమూలా గీకి చిదపాలి. వంపిన దాన్ని కొద్దికొద్దిగా తిరిగి పోస్తూ కలపాలి. డ్రిల్లుకి కలిపే కడ్డీ తగిలిస్తే ఇంకా మంచిది. కర్ర పైకెత్తితే చివర ముద్ద అంటకూడదు. ట్రేలో పోసుకున్నాక కూడా మధ్యమధ్యలో తిప్పుతూనే ఉండాలి, లేకపోతే మొదటి ట్రే కషాయం, ఆఖరి ట్రే బురద. నమ్మకపోతే ఈ బోటు చూడండి. ముక్కు వైపు నుంచి పూసుకొచ్చారు, ముక్కంతా గుల్లలే. చుక్కాని దగ్గరకొచ్చేసరికి అద్దంలా ఉంది. ఏ మూల డబ్బా మూత తీశారో గుల్లలే సాక్ష్యం చెబుతున్నాయి.

దానికితోడు చిక్కగా ఉందని థిన్నర్. తమరు ఒప్పుకునేది నూటికి ఐదు పాళ్లు, పడేది చెయ్యి తిరిగినంత. ఉప్పునీటిలో పొర కొంచెం కొంచెంగా కరుగుతూ రాగిని వదలాలి కదా, పొర ఎంత మందమో దాని ఆయుష్షు అంత. పల్చటి పొర ఏం కరుగుతుంది, ఎన్నాళ్లు కరుగుతుంది? వాయుగుండం పేరు చెప్పి రేవులో కట్టేసి ఉంచితే ఆ కరగడం కూడా సరిగ్గా ఉండదు. మిగతావి చెప్పుకుంటే సిగ్గుచేటు. బోటు నిలబెట్టిన దుంగల్ని జరిపి కింద పూయలేదు, అక్కడ దుంగ కొలతకి సరిగ్గా గుల్లల చాప. తుప్పుని తమ మీదకి లాక్కునే జింకు పలకల మీద కూడా తమరినే పూసేశారు, అవి తినాల్సిన తుప్పు ఇప్పుడు స్టీలు తింటోంది. రెండో పూత ఆరిందో లేదో, అమావాస్య పోటు వచ్చిందని దించేశారు.

తమరి అన్నగారు, వెనకటి బోటు రంగుల్లో కలిపే మందు, ట్రైబ్యూటిల్ టిన్ ఉండేవారు. ఆయన పని చేస్తే గుల్లలే కాదు, ఫ్రాన్సులో ఆర్కషోన్ ఆల్చిప్పలు కూడా చెడ్డాయి, ఆడ నత్తలకి మగ లక్షణాలొచ్చాయి. 2001లో ఒప్పందం రాసుకుని, 2008 నుంచి ప్రపంచమంతా వెలివేశారు. ఆయన మళ్లీ రావాలని ఎవరం కోరుకోం. కానీ ఆయన అతి చేశాడని తమరు అసలు చెయ్యకుండా కూర్చుంటే ఎలాగండి?

తమరికంటే గోదారి నయం. వరదకి ఎర్రనీరు దిగితే చాలు, యానాం దగ్గర కట్టేసిన బోటుకి మంచినీళ్లు పడక చాలా గుల్లలు చస్తాయి. పైసా అడగదు. చచ్చిన గుల్ల పెంకు మాత్రం ఊడదు, గీక్కోవాలి. అయినా ఎరుపంటే అదీ.

ఇంత మర్యాద ఎందుకులే, తిన్నగానే అంటాను. ఇంజను అదే తిరుగుడు తిరుగుతోంది, బోటు నడవట్లేదు, డీజిలు తాగి నల్లపొగ కక్కుతోంది. అంతా నీ కడుపులో రాగి దాచుకుని పడుకున్నందుకు! కలపనివాడు ఎలాగూ కలపలేదు, నువ్వెందుకు అంత గట్టిగా పేరుకున్నావురా?

ఇట్లు,
ఉలి పట్టుకుని బోటు కింద వెల్లకిలా పడుకున్నవాళ్లు

తా.క.: మిగిలిన ముద్ద పారేయలేదు, థిన్నర్ చుక్కలేసి మెదిపి దుంగల చోట పూస్తున్నాం. ఈసారి డబ్బా, పూతకి రెండు రోజుల ముందే తెచ్చి మూత బిగించి తలకిందులుగా పెడతాం. అమర్యాద అనుకోవద్దు.