ఆ క్యాలెండరు బొమ్మలు సహజ సౌందర్యం కాదు

ఈ నెలలో అదే సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. 1940, 50ల నాటి అమెరికన్ పిన్-అప్ (గోడకు తగిలించుకునే అందగత్తెల) క్యాలెండరు బొమ్మలు అయిదు పెట్టి, సర్జరీలూ ఫిల్టర్లూ లేని రోజుల సహజ సౌందర్యం ఇదనీ, ఇవి గ్రీకు శిల్పాల కొలతలనీ, అప్పుడు స్త్రీకి గౌరవం ఉండేదనీ, ఒళ్లున్నవారికీ క్యాలెండర్లలో చోటుండేదనీ, నేటి ఆడపిల్లలు చూసి నేర్చుకోవాలనీ రాశారు. చదువుకున్న మిత్రులే దీన్ని పంపుతుంటే ఊరుకోలేకపోతున్నాను.

గ్రీకు కొలతల మాట నిలవదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ప్రాచీన గ్రీకు దేవత శిల్పం మిలో వీనస్ నడుము మందమైనది. ఈ బొమ్మల నడుము పిడికిట్లో ఇమిడేటట్టుంది.

అసలు హాని ‘సహజం’ అన్న మాటలో ఉంది. ఈ కళలో ఎంతో పేరున్న గిల్ ఎల్వ్‌గ్రెన్, మిన్నెసోటాలోని బ్రౌన్ అండ్ బిగెలో క్యాలెండరు కంపెనీకి 1940ల మధ్య నుంచి పాతికేళ్లకు పైగా బొమ్మలు వేశాడు. మోడల్‌ను స్టూడియోలో నిలబెట్టి ఫొటో తీసుకుని, దాన్ని చూస్తూ తైలవర్ణాలతో చిత్రించేవాడు. ఆ ఫొటోల్లో అనేకం నేటికీ ఉన్నాయి. బొమ్మ పక్కన పెట్టి చూడండి: కాళ్లు పొడుగయ్యాయి, నడుము సన్నబడింది, కళ్లు పెద్దవయ్యాయి, ముక్కు కొస పైకి తిరిగింది. ఫోనులోని ఫిల్టరు చేస్తే కృత్రిమమైనది కుంచె చేస్తే సహజం ఎలా అవుతుంది? ఎంచి తెచ్చుకున్న మోడల్‌కే లేని ఒంటిని ఇంటర్ చదివే పిల్లకు ఆదర్శంగా చూపడం అన్యాయం. అన్నం మానేసి అద్దం ముందు ఏడ్చే పిల్లలున్న ఇళ్లకూ ఇది చేరుతుందని పంపేవారు ఒక్క క్షణమైనా ఆలోచించరా?

గౌరవం సంగతికి ఒక్క లెక్క చాలు. 1949లో టామ్ కెల్లీ తీసిన మార్లిన్ మన్రో నగ్న ఛాయాచిత్రం క్యాలెండరుగా లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఆమె చేతికి వచ్చింది 50 డాలర్లు.

ఒళ్లున్నవారికి చోటుండేదన్నది మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. 1950ల్లో అదే కంపెనీకి డ్వేన్ బ్రయర్స్ సృష్టించిన హిల్డా ఎర్రజుట్టు బొద్దమ్మాయి. పూల బికినీ కట్టుకుని, పొట్ట దాచుకోకుండా, ఊయలలో పడుకుని హాయిగా పుస్తకం చదువుకుంటుంది. ఆ బొమ్మలంటే నాకెంతో ఇష్టం. మీరు పంపిన అయిదింటిలో ఆమె లేదు.